గడప బయటి సిలిండర్

వికారాబాద్,
10 ఫిబ్రవరి 2025

ఖాలాకు సలాం.

పదిహేను రోజులుగా నీ ఫోన్ స్విచ్చాఫ్. లతీఫ్ ఖాలూకు చేస్తే, "ఆటోల ఉన్న బిడ్డా, ఇంటికి పోయినంక మాట్లాడిపిస్త" అంటాడు. ఇంటికి పోయాక ఆయన ఫోన్ కూడా నోరు మూసుకుంటుంది. అందుకే ఈ ఉత్తరం. ఇంతకుముందు ఉత్తరం రాసింది తొమ్మిదో తరగతిలో, హాస్టల్ నుంచి, నీకే. అమ్మ బండల పనికి పోతే, నిన్ను సొంత పిన్నిలా ఖాలా అంటూ నీ కుట్టుమిషన్ పక్కన పెరిగిన దాన్ని కదా, అమ్మకంటే ముందు నీకే రాసేదాన్ని.

విషయానికొస్తాను. ఏడాదిన్నరగా నేనిక్కడ చిన్న అప్పులిచ్చే కంపెనీలో ఫోన్ల దగ్గర పని చేస్తున్నానని నీకు తెలుసు. ఇప్పుడు ఇంకో పని నెత్తిన పెట్టారు. మా దగ్గర గ్రూపు లోన్లు తీసుకుని తర్వాత మానేసిన ఆడవాళ్లు ఎందుకు మానేశారో కనుక్కోవాలి. మొదటి కాగితం తిప్పగానే నీ పేరు కనిపించింది. సెంటర్ నంబర్ 114, తాండూరు. లీడర్ జహీరాబీ. నువ్వు మా కంపెనీలోనే ఉన్నావని నాకు ఒక్కమాటైనా చెప్పలేదు!

మీ గ్రూపులో ఇరవై ఇద్దరు. మూడేళ్లలో ఒక్క కిస్తీ తప్పలేదు. జనవరిలో చివరి కిస్తీ కట్టి, అదే రోజు అందరూ కొత్త లోను వద్దని లేచిపోయారు. మా మేనేజర్ చంద్రకాంత్ సార్‌కు అన్నం సహించడం లేదు. "ఎగ్గొట్టి పోయినోళ్లను సమజ్ చేసుకోవచ్చు. మొత్తం కట్టి పోయినోళ్లే పరేషాన్ చేస్తరు" అంటున్నాడు. ఆయన అనుమానం నీ మీద. వేరే కంపెనీ దగ్గర కమీషన్ తిని లీడరే అందరినీ లేపుకుపోయిందని రాయమంటున్నాడు. అట్లా రాస్తే రేపు నీకు ఎక్కడా అప్పు పుట్టదు.

నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. మార్చి 31 లోపు అసలు కారణం కనుక్కుని, కనీసం పది మందిని వెనక్కి తెస్తే పక్కా చేసి తాండూరు బ్రాంచికే పంపిస్తారట. లేకపోతే తీసేసేవాళ్ల జాబితాలో నా పేరు ఉంటుంది. ఫారంలో ఆరు గడులున్నాయి. వడ్డీ ఎక్కువ, భర్త ఒప్పుకోలేదు, ఊరు మారారు, వేరేచోట అప్పు దొరికింది, అవసరం తీరింది, ఇతరములు.

నిజం చెప్పు ఖాలా. ఏది?

నీ
మనీషా


తాండూరు,
18 ఫిబ్రవరి

మనీషా బిడ్డకు దువా.

ఉత్తరం అందింది. ఇంత చదువు చదివినా నీ అక్షరాలు ఇంకా కోడి కెలికినట్టే ఉన్నాయి.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు చేరకముందే నేను ఆ కంపెనీలో ఉన్నాను. చెబితే, ఏదో ఒకనాడు నా గురించి నువ్వు ఎవరినో బతిమాలాల్సి వస్తుంది. అది నాకు ఇష్టం లేక నోరు మూసుకున్నాను.

కారణమా? ఆరు గడుల్లో నీకు నచ్చినదాని మీద గీత పెట్టు. 'అవసరం తీరింది' బాగుంది, అందరికీ మర్యాద. అప్పు తీసుకుని బట్టల అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ కొన్నాను, అది నడుస్తోంది, ఇంకా అప్పెందుకు? మీ సార్ ఏడుపు చూస్తే, అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అన్నట్టుంది. ఇరవై ఇద్దరు పోయినందుకు కాదు, పక్క కంపెనీవాళ్లు నవ్వుతారనే ఆయన బాధ. నా మీద కమీషన్ అని రాస్తే రాయనీ. నా మీద ఇంతకంటే పెద్ద మాటలు పడ్డాయి, ఒళ్లేమీ అరిగిపోలేదు.

ఒక్కమాట మాత్రం విను. ఫోన్ చేయకు. ఖాలూ ఫోన్‌కు కూడా చేయకు. ఏముంటే కాగితం మీద రాయి. నాకు ఈమధ్య ఫోన్‌లో మాట్లాడబుద్ధి కావడం లేదు, వయసు మీద పడిందనుకో.

రంజాన్ దగ్గర పడింది, కుట్టాల్సిన బట్టలు గుట్టగా ఉన్నాయి. బస్తీకి నువ్వు రానవసరం లేదు.

జహీరాబీ


వికారాబాద్,
26 ఫిబ్రవరి

ఖాలాకు సలాం.

వద్దన్నా వచ్చాను. మొన్న సోమవారం పొద్దున దిగితే నీ ఇంటికి తాళం. జహీరాబాద్‌లో పెళ్లికి పోయిందని ఖాలూ చెప్పాడు. నా ముఖం చూడకుండా, ఆటో అద్దం తుడుస్తూ చెప్పాడు. నిజమో అబద్ధమో నేను అడగలేదు.

ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. నేను చిన్నప్పుడు చూసినవాళ్లు ఒక్కరూ లేరు, అంతా తర్వాత వచ్చిన కుటుంబాలే. ఒకామె వడ్డీ ఎక్కువ అంది, వడ్డీ ఎంతో అడిగితే చెప్పలేదు. కైనాత్ అనే ఆమె, తన భర్త ఒప్పుకోలేదంది; ఆ భర్త పక్కనే కూర్చుని, "నేనెప్పుడన్నా?" అన్నాడు. ఇంకొకామె బషీరాబాద్‌కు మారిపోతున్నామంది, వాళ్ల గోడకు కొత్త సున్నం ఇంకా ఆరలేదు. అందరూ కలిసి ఒకే అబద్ధం అనుకుని చెప్పినా బాగుండేది ఖాలా, తలా ఒకటి చెప్పారు.

ఆఫియా ఇంటి దగ్గర ఇంకో వింత జరిగింది. నేను ఫారం గట్టిగా చదువుతుంటే ఆమె చేతిలో చీపురు ఆగిపోయింది. "నీ గొంతు యాడనో విన్న" అంది. తర్వాత ముఖం మాడ్చుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

చివరి ఇల్లు వెంకటమ్మది. బయట మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం వండుతోంది. కళ్లు పొగకు ఎర్రబడి ఉన్నాయి. ఆమె గడప బయట గ్యాస్ సిలిండర్ ఉంది, అడుగు తుప్పు పట్టింది, సీలు మాత్రం తీయలేదు. గ్యాస్ అయిపోయిందా అని అడిగాను. "నిండుగనే ఉన్నది. ఒక్కదానికి లేవదది" అంది. సాయం పట్టనా అంటే, నా చేతిలోని కంపెనీ సంచి వంక చూసి, "నువ్వు పట్టేది కాదు" అంది. లోపల ఆమె భర్త మొగులప్ప కాలు చాపుకుని కూర్చున్నాడు. ఎందుకు మానేశారని అడిగితే, "మీ జహీరాబీని అడుగు" అన్నాడు.

అడుగుతున్నాను. నాకు కోపంగా ఉంది. నెల రోజుల్లో నా ఉద్యోగం పోతుంది, నీ పేరు చెడుతుంది, నువ్వేమో గడులతో ఆడుకుంటున్నావు. నీ దగ్గర పెరిగిన దానికి నిజం చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావు?

మనీషా


తాండూరు,
5 మార్చి

మనీషాకు.

రోజా ఉపవాసం ఉండి అబద్ధం రాయకూడదు. అందుకే చెప్పగలిగినంత నిజం రాస్తున్నాను.

పోయిన ఆగస్టు ఇరవై, మంగళవారం. మీటింగు ఎప్పుడూ మా ముందుగదిలోనే, పొద్దున ఎనిమిదింటికి. చాప నాది, చాయ్ నాది. ముందు రోజు సాయంత్రం పాలిషింగ్ యూనిట్‌లో మొగులప్ప కాలి మీద బండ జారిపడింది. వెంకటమ్మ అతన్ని ఆటోలో వేసుకుని మీ వికారాబాద్ దవాఖానకు పోయింది. ఫోన్ కలవలేదు. ఆమె కిస్తీ పదకొండు వందలు తక్కువ పడింది.

నీకు తెలుసు కదా పద్ధతి. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. లెక్క పూర్తి కాకపోతే ఎవరూ చాప మీద నుంచి లేవకూడదు. కొంగులు విప్పి చందా వేసుకుంటే నాలుగు వందలయింది. రోజు కూలీల దగ్గర కిస్తీ తప్ప ఇంకేముంటుంది? వసూలుకొచ్చిన అరుణ్‌కుమార్ గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. తొమ్మిదికి పొలం పనికి పోయే ట్రాలీ వెళ్లిపోయింది. పదకొండు మంది కూలీ అక్కడే పోయింది. కైనాత్‌కు నాలుగు నెలల పసిబిడ్డ, ఇంట్లో ఏడుస్తోందని కబురొచ్చింది. ఆమె రవిక తడిసి, పైట అడ్డం పెట్టుకుని కూర్చుంది.

నీకొక విచిత్రం చెప్పనా? ఒక్కరికీ అరుణ్‌కుమార్ మీద కోపం రాలేదు. అందరికీ వెంకటమ్మ మీద వచ్చింది. "మొగుని కాలు ఇరిగితె మా కడుపులు కొడ్తదా?" అన్నారు. నేనూ అన్నాను.

అతను వికారాబాద్‌కు రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి స్పీకర్ పెట్టాడు. ఎవరో మేడం. "గ్రూపు జిమ్మేదారి గ్రూపుదే. ఆమె ఇంట్ల ఏదో ఒకటి ఉంటది కద, తెచ్చి కట్టండి. అప్పటిదాక ఎవ్వరు లేవద్దు" అంది.

నేను లేచాను. నలుగురు నా వెంట వచ్చారు. బండ ముక్కతో వెంకటమ్మ ఇంటి తాళం పగలగొట్టింది నేనే. సిలిండర్ విప్పి హోటల్ వాడి దగ్గర కుదువ పెట్టాం, లెక్క పూర్తయింది, అందరూ ఇంటికి పోయారు. విప్పేటప్పుడు పైపు వంగితే పాడవుతుందని నా కుట్టులో మిగిలి కొంగున ఉన్న అస్తరు గుడ్డ పీలికతో చుట్టి మేకుకు వేలాడదీశాను. అంత జాగ్రత్త నాకు ఆ టైంలో ఎందుకు వచ్చిందో దేవుడికే తెలియాలి.

ఐదో రోజు వెంకటమ్మ భర్తను తీసుకుని వచ్చింది. అతనికి గంజి కాయడానికి గ్యాస్ లేదు. ఆ పీలిక చూసింది. వీధిలో అస్తరు గుడ్డలుండేది ఒక్క ఇంట్లోనే. తర్వాతి మంగళవారం వచ్చి తన చోట కూర్చుని కిస్తీ కట్టింది. అరిచి ఉంటే బతికిపోయేదాన్ని.

పది రోజులకు హోటల్ వాడి దగ్గర సిలిండర్ విడిపించి, నిండుదానికి మార్పించి, ఆమె గడప దగ్గర పెట్టి వచ్చాను. ఇంతవరకూ లోపలికి తీసుకోలేదు. మేం నీళ్లకు పోయే దారి అదే. రోజూ దాన్ని దాటి పోవాలి.

ఇప్పుడు రాసుకో. వడ్డీకి కాదు, మొగుళ్లకు కాదు. ఇంకో లోను తీసుకుంటే మళ్లీ ఆ చాప మీద కూర్చోవాలి. ఈసారి ఎవరి తాళం? నా ఇంటి మీదకు ఎవరొస్తారు, నేను ఎవరి ఇంటి మీదకు పోతాను? అదే భయం అందరికీ. అప్పు తీర్చేశాం గానీ ఇరుగుపొరుగు లేకుండా పోయింది. ఉన్న కాస్తన్నా దక్కించుకుందామని లేచిపోయాం.

తప్పు లీడర్‌దని రాయి. నిజం కూడా అదే. మళ్లీ బస్తీకి రాకు.

జహీరాబీ


వికారాబాద్,
11 మార్చి

ఖాలా,

మా ఆఫీసులో ఒక రిజిస్టరు ఉంటుంది. లెక్క పూర్తి కాని సెంటర్ల నుంచి వచ్చే ఫోన్లు అందులో రాస్తారు. పేర్లుండవు, ఊరుండదు, నంబరు, టైము, మాట్లాడినవాళ్ల సంతకం మాత్రమే. నిన్న ఆగస్టు ఇరవై పేజీ తీశాను.

114. పది నలభై. 114. పదకొండు యాభై ఐదు. రెండింటి పక్కనా సంతకం నాది.

నాకు గుర్తు లేదు. ఒట్టు ఖాలా, ఒక్క మాటా గుర్తు లేదు. ఆ రోజు పదిహేడు సెంటర్లతో మాట్లాడాను. అదే వాక్యం అందరికీ చెప్తాను, చేరిన వారంలో నేర్పించారు. నీ ఉత్తరంలో చదువుతుంటే ఎవరో మేడం మీద నాకు ఒళ్లు మండింది. ఆ మాటలు నావేనని రెండోసారి చదివాక తెలిసింది.

మొగులప్ప పడుకున్న దవాఖాన మా ఆఫీసుకు రెండు వీధుల అవతల. నేను మధ్యాహ్నం ఆ గేటు ముందే చాయ్ తాగుతాను.

నువ్వు గుర్తుపట్టావా? ఫోన్ వద్దన్నది అందుకేనా?

మనీషా


తాండూరు,
16 మార్చి

బిడ్డా,

రెండో మాటకే గుర్తుపట్టాను. నీ గొంతు నాకు తెలియకపోవడమేమిటి? జ్వరం వస్తే ఎట్లుంటుందో, అబద్ధం చెప్తే ఎట్లుంటుందో, అన్నీ తెలుసు. ఆ రోజు ఉన్న గొంతు మాత్రం అంతకుముందు వినలేదు. నేను కుట్టుకునేటప్పుడు పక్కన కూర్చుని ఎక్కాలు చదివిన పిల్ల, నన్ను నా ఇంట్లోనే లేవద్దంటోంది.

దాచిన సంగతి ఇప్పుడు చెప్తాను. "మనీషా, నేను ఖాలాను" అని ఒక్కమాట అంటే నువ్వు ఆగిపోయేదానివి. నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. ఇరవై మంది ముందు, అరుణ్‌కుమార్ ముందు అంటే నీ ఉద్యోగానికి ఏమవుతుందోనని మింగేశాను. మింగి, బండ ముక్క అందుకున్నాను. నీ నౌకరీ నిలబెట్టడానికి వెంకటమ్మ తాళం పగలగొట్టాను. ఇందులో నువ్వెంతో నేనెంతో నాకు తేలడం లేదు.

అప్పటి నుంచి ఫోన్‌లో నువ్వేం మాట్లాడినా ఆ మాటలే వినబడేవి, గ్రూపు లేచిపోయాక ఫోనే ఆపేశాను. నువ్వంటే కోపం లేదు, బాధ ఉంది. ఇప్పుడు ఆఫియాకు కూడా తెలిసిపోయింది. మిగతావాళ్లకు చెప్పవద్దని బతిమాలాను. నువ్వు నీ ఫారం మీద 'అవసరం తీరింది' అని రాసి ఉద్యోగం కాపాడుకో. తాళం ఎట్లాగూ పగిలింది. దాని ఖరీదు వృథా చేయకు.

ఖాలా


వికారాబాద్,
28 మార్చి

ఖాలాకు సలాం.

ఫారం రాసేశాను. 'ఇతరములు' గడి మీద గీత పెట్టి, చోటు చాలక వెనక వైపు కూడా రాశాను. ఆగస్టు ఇరవై, చాప, తాళం, సిలిండర్, ఫోన్‌లో మాట్లాడింది నేనే అన్న సంగతి, అన్నీ. చంద్రకాంత్ సార్ చదివి తలుపు వేయమన్నాడు. "కంపెనీ తాళం పలగొట్టుమన్నదా? నువ్వన్నవా? 'ఏదో ఒకటి తెండి' అన్నవ్, గంతే గద?" అన్నాడు. అవును సార్, అంతే అన్నాను. "మరి చింపి మల్ల రాయి. భర్త ఒప్పుకోలేదని రాయి, లేదంటే లీడర్ మీద రాయి. సోమవారం నీది పక్కా చేపిస్త" అన్నాడు.

ఒక గంట ఆలోచించాను ఖాలా. నీకు అబద్ధమెందుకు, గంటసేపు నిజంగానే ఆలోచించాను. చివరికి చింపలేకపోయాను. నా పేరు జాబితాలో చేరింది. సోమవారం నా ఆఖరి రోజు. తర్వాత మర్పల్లిలో అమ్మ దగ్గరికి పోతాను. భయంగా ఉంది. ఏం పని దొరుకుతుందో తెలియదు.

దీనితోపాటు ఇంకో కాగితం పెట్టాను. అది వెంకటమ్మకు. ఆ గొంతు నాదని, నేను ఎవరో, నీకేమవుతానో అన్నీ రాశాను. లోను కాగితాల మీద ఆమెది వేలిముద్రే, చదవడం రాదు కదా, నువ్వు చదివి వినిపించు. ఇంకెవరితోనూ చదివించకు. నా గొంతుతో ఒకసారి ఆమెకు కీడు జరిగింది, ఈసారి నీ గొంతుతో విననీ.

ఇన్ని నెలలుగా నువ్వు ఆ గడప దాటి పోతున్నావు. ఒక్కసారి ఆగు.

మనీషా


తాండూరు,
2 ఏప్రిల్

మనీషా బిడ్డకు దువా.

మొన్న పండుగ అయింది. నిన్న పొద్దున నీ కాగితం తీసుకుని పోయాను. ఇంటి నుంచి ఆమె గడప పద్దెనిమిది అడుగులు. మూడుసార్లు వెనక్కి తిరిగాను.

వెంకటమ్మ అరుగు మీద కందిపప్పు చెరుగుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను కిందే నిలబడి చదివాను. చాట చప్పుడు ఆగలేదు. మొత్తం అయ్యాక చాట పక్కన పెట్టి, "గొంతు ఎవరిదైతె నాకేంది? గొంతు వచ్చి తాళం పలగొట్టదు" అంది.

"నేనే పలగొట్టిన" అన్నాను. ఇన్ని నెలల్లో బయటికి అనడం అదే మొదటిసారి.

"ఎర్కనే" అంది. చాటలో రాయి ఒకటి ఏరి పారేసింది. తర్వాత, "పైపుకు గుడ్డ ఎందుకు గట్టినవ్?" అని అడిగింది.

"వంగితె పలుగుతది. మల్ల పెట్టుకున్నప్పుడు గ్యాస్ కారుతదని."

"ఇల్లు దోసుకపోయేటోళ్లకు గంత ఫికర్ ఎందుకే?"

ఏడుపొచ్చింది. ఎదురింట్లోంచి ఆఫియా, కైనాత్ చూస్తున్నారని తెలిసినా ఆపుకోలేకపోయాను. వెంకటమ్మ చూసింది, చూసింది, చివరికి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని అరుగు దిగింది.

"ఏడిస్తె లేవదది. అటు పట్టు" అంది.

బండలు మోసే మనిషి. ఆమె ఒక్కతే ఎత్తగలదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నేను అటు పట్టాను. తుప్పు చేతులకు అంటుకుంది. లోపల మేకుకు ఆ పైపు అట్లాగే ఉంది, నా పీలిక కూడా విప్పలేదు. నన్నే విప్పమంది. ముడి బిగుసుకుపోయి ఉంటే పళ్లతో విప్పాను. మొగులప్ప మంచం మీద నుంచి, "చాయ్ పెట్టు" అన్నాడు, ఎవరికో చెప్పకుండా.

నీ సంగతి అడిగితే వెంకటమ్మ ఇట్లా అంది: "కాగితం మీద మస్తు జెప్పింది. గా పిల్లను రమ్మను. ఈడ కూసోని నా మొఖం జూసి జెప్పుమను." మాఫ్ చేశానని అనలేదు బిడ్డా. నేను కల్పించి రాయను. వస్తే కష్టంగానే ఉంటుంది. రా. మర్పల్లికి పోయే ముందు ఇటు వచ్చి పో. రెండో మిషన్ ఖాళీగానే ఉంది, కుట్టు మర్చిపోయి ఉంటే మళ్లీ నేర్పిస్తాను.

ఫోన్ ఆన్ చేశాను. చెయ్యి.

ఖాలా